ఆషాఢానికి ముందు లేపిన గోరింట

ఎదిగిన పొదను ఒకచోటి నుంచి లేపి మరోచోట నాటితే బతుకుతుందా అని తోటపనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. బతుకుతుంది. నా ఉద్యోగంలో గన్నేరు లేపాను, నందివర్ధనం లేపాను, కాగితంపూల పొదను ముళ్ళతో సహా లేపి గేటు అవతలికి మార్చాను. అన్నీ బతికాయి. ఒక్క గోరింట చచ్చిపోయింది. అందులో నేల తప్పు లేదు, వాన తప్పు లేదు, వేళ్ళ తప్పు లేదు. దాన్ని చంపారు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను గానీ ఆ కోపం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. "ఇంకెన్నాళ్ళు మోస్తావు దాన్ని, వదిలెయ్యి" అంటారు మావారు. మీకు చెప్పేదాకా వదలను.

మా సంస్థ పేరు చెప్పను, మీకు అక్కర్లేదు కూడా. సికింద్రాబాద్‌లో మెట్టుగూడ వైపు పాత క్వార్టర్లు, వాటి పక్కనే ఆఫీసు, మధ్యలో తోటలు. ఆ తోటలకు నేను సూపర్‌వైజర్‌ని. తోటల పెంపకంలో డిప్లొమా చేసి, పెళ్ళై తెనాలి నుంచి ఇటొచ్చి, ఆ ఉద్యోగంలో చేరి, ఆ మొక్కల మధ్యే జుట్టు నెరిపించుకున్నాను. నా కింద నలుగురైదుగురు మాలీలు ఉండేవాళ్ళు. వాళ్ళలో పెద్దవాణ్ణి అందరం మేస్త్రీ అనేవాళ్ళం. యాప్రాల్ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవాడు. పని బాగా చేసేవాడు, నాతో పోట్లాట ఇంకా బాగా పెట్టుకునేవాడు.

గుమాస్తాల క్వార్టర్ల వెనుక, పంపు గదిని ఆనుకుని ఉండేది ఆ గోరింట. దాన్ని ఎవరు నాటారో తెలిసినవాళ్ళు లేరు. నా తలకు మించిన ఎత్తు, లోపలంతా ముళ్ళు. ఏడాది పొడవునా దాని మొహం చూసేవాళ్ళుండరు. ఆషాఢం రాగానే కాలనీ ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరేవాళ్ళు. ఆకు కోసేది, నూరేది, అందరికీ పెట్టేది మాత్రం ఒక్కతే, మా ఆఫీసు అటెండరు. ఆమె భర్త మా దగ్గరే ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. కరెంటు స్తంభం మీద పని చేస్తూ పోతే, ఆ కుటుంబానికి దారి ఉండాలని ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. నాకంటే కొంచెం పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని.

పంపు గది పక్కన ఒక రోలు పడి ఉండేది. ఆషాఢంలో ఆమె దాన్ని శుభ్రంగా కడిగి, ఆకు పోసి, కాస్త చింతపండు వేసి కాటుకలా నూరేది. అరిటాకు ముక్కల్లో ముద్దలు పెట్టి ఇంటింటికీ పంపేది. వేళ్ళకు టోపీలు పెట్టించుకోవడానికి ఆడపిల్లలు ఆమె ముందు వరస కట్టేవాళ్ళు. నా చేతికి కూడా ఏటా ఆమే పెట్టేది. తను మాత్రం పెట్టుకునేది కాదు. భర్త పోయినవాళ్ళు పెట్టుకోకూడదట. ఆకుకు ఆ సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. అందరం చదువుకున్నవాళ్ళమే, అందరం ఆమె చేత పెట్టించుకున్నవాళ్ళమే. మరి నీకు అని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

ఆ ఏడు కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్దసారుకు కార్ల పార్కింగ్ కట్టించాలని బుద్ధి పుట్టింది. పంపు గది వెనుక స్థలమంతా అందులోకే పోతుంది. ఆ విషయం నా చెవిన పడేసరికి జ్యేష్ఠం సగం అయిపోయింది. ఆయన గదికి వెళ్ళాను.

"పొదను మార్చడానికి ఎన్నాళ్ళు కావాలండీ మీకు?" అన్నారు.

"ఇప్పుడు ఒకవైపు కందకం తవ్వి, వేళ్ళు కోసి, మంచి మట్టి నింపి వదిలేస్తాను సార్. అక్కడ కొత్త వేళ్ళు పుట్టాక రెండోవైపు తవ్వుతాను. చలికాలంలో లేపితే ఏ బెంగా ఉండదు."

"చలికాలమా? ఆషాఢంలో శంకుస్థాపన చెయ్యకూడదండీ. ఈ నెలాఖరుకే ముహూర్తం ఉంది. ఆషాఢం ఎంటరయ్యేలోపు సైట్ క్లియర్ కావాలి."

"అయితే శంకుస్థాపన ఓ మూల చేసుకోండి సార్. పొద జోలికి తర్వాత రావచ్చు కదా."

"పొద ఉన్న మూలే ఈశాన్యమటండీ. పూజ అక్కడే జరగాలి." ఆయన వాచీ చూసుకున్నారు. "మీవల్ల కాదంటే చెప్పండి. జేసీబీ ఎలాగూ వస్తుంది, తీసి పారేయిస్తాను."

నావల్ల అవుతుందన్నాను. ఇంకేమంటాను? నెలలు పట్టే పనిని వారంలో చెయ్యమని ఒక మనిషి అంత తీరిగ్గా చెబుతుంటే, ఆ బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ తీసి కిటికీకేసి విసరాలనిపించింది. ఆషాఢం మంచిది కాదని గోరింటను తవ్వేస్తారట. ఆ నెలలో కాలనీ ఆడవాళ్ళకు కావలసింది ఆ గోరింటేనని ఆయనకు తట్టలేదు.

ముందు నేల తడిపించాను. మా దగ్గరిది మొరం నేల. పొడిగా ఉన్నప్పుడు తవ్వితే వేళ్ళ చుట్టూ మట్టి నిలవదు, బొరబొరా రాలిపోతుంది. తర్వాత కొమ్మలు కత్తిరించమన్నాను. మేస్త్రీ కత్తెర పట్టుకుని కదలడు.

"గిట్ల బోడగొడ్తె ఏముంటది మేడం? నేను సుత మస్తు చెట్లు లేపిన. కొమ్మ మీద చెయ్యి వెయ్యలె."

"వాటిలో ఎన్ని బతికాయి మేస్త్రీ?"

"గదేందో, సగం బతికినయి."

"మిగతా సగం ఎందుకు పోయాయనుకున్నావు? వేళ్ళు తెగిపోయాక అంత ఆకుకు నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తుంది? కత్తిరించు."

గొణుగుతూనే కత్తిరించాడు. కొమ్మలు పడుతుంటే అక్క రోలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఆమెను ఓదార్చడం నాకు చేతకాలేదు. "ఎందుకక్కా ఇంత బాధ? బతుకుతుందని చెబుతున్నాను కదా. ఒకవేళ ఈ ఏడు ఆకు లేకపోయినా మోండా మార్కెట్‌లో కుప్పలు పోసి అమ్ముతారు" అన్నాను.

ఆమె మేస్త్రీ దూరంగా వెళ్ళేదాకా ఆగింది. "కొనుక్కొచ్చి నూరితె నాకోసం నూర్కున్నట్టు అయితది మేడం" అంది. "చెట్టు ఉంటె కాలనీ కోసం నూరినట్టు."

నాకు అర్థం కాలేదు. ఆమె కుడి అరచెయ్యి నా ముందు చాపింది. "పెట్టుకుంటె అంటరు. మా అత్త అంటది, ఆడిబిడ్డ అంటది, గల్లీ మొత్తం అంటది. నూరితె ఎవలేమంటరు? పని గద. నూరంగ నూరంగ చెయ్యి అదే ఎర్రగైతది. గోర్లు సుత ఎర్రగైతయి. మా ఇంటాయనకు నా చేతులు ఎర్రగుంటె మస్తు ఇష్టం ఉండె మేడం. ఏడాదికి ఒక్కపారి సూసుకుంట. గంతే."

ఇన్నేళ్ళు ఆమె ముందు చెయ్యి చాపి కూర్చున్నాను. ఆమె చెయ్యి ఎర్రబడడం చూశాను. పని మరక అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆ పొద నాకు పార్కింగ్ గొడవ కాకుండా పోయింది. ఏం చేసైనా దాన్ని బతికించి తీరాలనుకున్నాను.

లేపిన రోజు ఉదయం నుంచే చినుకులు. తూర్పు వైపు కొమ్మకు గుడ్డపీలిక కట్టాను, కొత్తచోట కూడా అదే కొమ్మ తూర్పుకు ఉండాలని. చుట్టూ తవ్వి, వేళ్ళున్న మట్టిముద్దకు గోనెపట్టాలు చుట్టి సుతిలి తాడుతో బిగించారు. క్రేన్ బెల్టు బిగించి లేపుతుంటే ఒక పక్క మట్టి పగిలింది. డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను అరిచిన అరుపుకు ఫోన్ కింద పారేసుకున్నాడు. అక్క చీర దోపుకుని గుంటలోకి దిగి, పగిలిన పక్కను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. మేస్త్రీ ఇంకో పట్టా చుట్టేదాకా వదల్లేదు. అలాగే ఆ ముద్దను కమ్యూనిటీ హాలు ముందు తవ్విన గుంతలోకి దించాం. మట్టి నింపి, తొక్కి, నీళ్ళు పోసి, పైన పచ్చ నెట్ కట్టాం.

"బతుకుతదా మేడం?" అంది. చేతుల నిండా మట్టి.

"మొదటి చిగురు నిలబడితే బతికినట్టే అక్కా. ఆ చిగురు పైన పనిచేస్తేనే కింద వేరు వస్తుంది. ఒక్క ఆకు కూడా తుంచకూడదు. ఈ ఆషాఢానికి లేదనుకో. పై ఆషాఢానికి నూరుకో."

"నాకు ఆత్రం లేదు. అది ఉంటె సాలు."

తర్వాత రెండు రోజులకు శంకుస్థాపన జరిగింది. కొబ్బరికాయలు కొట్టారు, లడ్డూలు పంచారు. నేను వెళ్ళలేదు.

ఆషాఢం వచ్చింది. బోనాల డప్పులు, సన్నటి వానలు. గోరింట మోడులా నిలబడి ఉంది. అక్క పొద్దున్నే ఆఫీసు తాళాలు తియ్యకముందే దాని దగ్గరికి వెళ్ళి చూసి వచ్చేది. ఒకరోజు నా బల్ల మీద టీ పెట్టి నవ్వుతూ నిలబడింది. నేను లేచి పరుగెత్తాను. కణుపు కణుపునా లేత చిగుళ్ళు! మేస్త్రీ కూడా వచ్చి చూసి, "మీ ముంగట ఒప్పుకుంట మేడం, కొమ్మలు గోసుడే మంచిగైంది" అన్నాడు. నాతో అతను ఒప్పుకున్న మాట అదొక్కటే. కొద్ది రోజుల్లోనే చిగుళ్ళు గుబురు కట్టాయి. మా ముగ్గురికీ ఆ వారం పండుగే.

ఇక పెద్దమేడం సంగతి చెప్పాలి. పెద్దసారు భార్య. సారు కుర్చీలో కూర్చోగానే ఆవిడ లేడీస్ క్లబ్బు అధ్యక్షురాలు అయిపోయింది, మా దగ్గర అలాగే జరుగుతుంది. ఆషాఢం మూడో శుక్రవారం హాల్లో గోరింటాకు వేడుక అని వాట్సాప్‌లో పెట్టింది. మన చెట్టు, మన ఆకు, మన సంప్రదాయం. కింద మా గోరింట ఫొటో. రక్షించి నాటిన చెట్టు ఆకుతోనే వేడుక అట.

ఫోన్ పట్టుకుని సారు గదిలోకి వెళ్ళాను. "సార్, ఇప్పుడు దాని ఆకు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చచ్చిపోతుంది. కావలసినంత ఆకు మోండా మార్కెట్ నుంచి నేనే తెప్పిస్తాను."

"గోరింట హార్డీ ప్లాంట్ అండీ. నెట్‌లో చూశాను."

"పాతుకున్న గోరింట సార్. ఇది ఇంకా పాతుకోలేదు."

"సరే సరే, చెబుతాను లెండి. సింబాలిక్‌గా ఓ రెమ్మ కోస్తారు, అంతే" అన్నారు. నేను ఆ మాట నమ్మాను. మీరు మాత్రం సింబాలిక్ అనే మాట వినబడితే నమ్మకండి.

ఆ శుక్రవారం పొద్దున వేదిక అలంకరణకు క్రోటన్ కుండీలు తెమ్మని నన్ను యాప్రాల్ నర్సరీకి పంపారు. ఏ మాలీ అయినా తెచ్చే పని అది. సూపర్‌వైజరే వెళ్ళి ఎంచి తేవాలన్నారు. వానలో ట్రాఫిక్ దాటుకుని తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ట్రాలీ ఆటో హాలు ముందు ఆగింది. పచ్చ నెట్ మడతపెట్టి గోడ పక్కన పెట్టి ఉంది. గోరింట మీద ఆకు లేదు. ఆకులే కాదు, లేత కొసలు కూడా తుంచేశారు. అక్కడక్కడ తోలు లేచిపోయి తెల్లటి పుల్ల కనబడుతోంది. తూర్పు కొమ్మకు నా గుడ్డపీలిక మాత్రం అలాగే ఉంది.

మేస్త్రీ తలొంచుకుని నిలబడ్డాడు. "నేనేం జెయ్యాలె మేడం? పెద్దమేడం నిలబడి తెంపిపిచ్చింది. వీడియో సుత తీసిన్రు."

"ఎవరు తెంపారు? నువ్వా?"

అతను హాలు వెనుక నీళ్ళ పంపు వైపు చూశాడు.

అక్క అక్కడ గ్లాసులు కడుగుతోంది. నన్ను చూసి లేవలేదు. "నాతోనే తెంపిపిచ్చిన్రు మేడం" అంది. "ముండ్లు గుచ్చుకుంటయని వాళ్ళు దూరం నిలబడ్డరు. నేను జెప్పిన, తోట మేడం వద్దన్నరు అని జెప్పిన. నీకు జీతం ఇచ్చేది ఆమెనా అన్నరు."

"నూరింది కూడా నువ్వేనా?"

"లే. మిక్సీల ఏసిన్రు." చేతులు చూపించింది. ముళ్ళు గీరిన గీతలు, సబ్బు నురుగు. ఎరుపు ఎక్కడా లేదు. "శుభకార్యం గద, ఇగ నువ్వు లోపటికి రాకు, గ్లాసులు సూసుకో అన్నరు."

పిల్లలూ, నేను జీవితంలో చాలాసార్లు కోపగించుకున్నాను. నీళ్ళు పెట్టని మాలీల మీద, బిల్లు పాస్ చెయ్యని గుమాస్తాల మీద, పూలకుండీలో సిగరెట్లు ఆర్పే పెద్దమనుషుల మీద. అవన్నీ సాయంత్రానికి చల్లారేవి. ఆ మధ్యాహ్నం నాకొచ్చింది ఆ జాతి కోపం కాదు. చెట్టును బతికించడానికి గుంటలోకి దిగిన చేతులతోనే దాన్ని దోపించారు. దోపించి, ఆ చేతులు మంచివి కావన్నారు. అదే ఆకును ఆ చేతులు పెడితే ఇన్నేళ్ళు అందరికీ మంచిదే అయింది!

లోపల మైకులో నన్ను పిలుస్తున్నారు. చెట్టును రక్షించినందుకు శాలువా కప్పుతారట. వెళ్ళాను. బురద చెప్పులతోనే వేదిక ఎక్కాను. వెండి గిన్నెలో ఆకుపచ్చటి ముద్ద ఉంది. శాలువా పట్టుకుని పెద్దమేడం నవ్వుతూ నిలబడింది. నేను శాలువా వైపు చూడలేదు. గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు ముద్ద తీసుకుని, మెట్లు దిగి, కుర్చీల మధ్య నుంచి నడిచి, వెనుక పంపు దగ్గరికి వెళ్ళాను. కొందరు వీడియో తీస్తూ నా వెనకే వచ్చారు.

"అక్కా, చెయ్యి చాపు" అన్నాను. "ఎవడేమంటాడో నేను చూస్తాను. చాపు."

ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. సిగ్గుపడి అనుకున్నాను, భయపడి అనుకున్నాను.

"వద్దు మేడం. గీ ఆకు నాకొద్దు. పసిది మేడం అది."

మళ్ళీ వంగి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. నేను గుప్పెట్లో ముద్దతో అక్కడే ఉండిపోయాను. దాన్ని పారెయ్యడానికి మనసు రాలేదు, ఆ చిగుళ్ళు నేను రోజూ చూసుకున్నవి. తిరిగి హాల్లోకి వెళ్ళబుద్ధి కాలేదు. చివరికి ఆ పొద దగ్గరికి వెళ్ళి, దాని మొదట్లో మట్టి తీసి పాతిపెట్టాను. అప్పటికి చాలాసేపు అయినట్టుంది. చెయ్యి కడుక్కుంటే అరచెయ్యి, గోళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి.

గోరింట మళ్ళీ చిగిర్చడానికి ప్రయత్నించింది. రెండు మూడు చిగురు మొగ్గలు కనబడి నల్లబడిపోయాయి. శ్రావణమంతా నీళ్ళు పోశాం, నీడ పెట్టాం. మేస్త్రీ ఇంట్లో పూజ చేయించిన నీళ్ళు కూడా తెచ్చి పోశాడు. వినాయక చవితి పందిళ్ళు లేచే వేళకు ఒకరోజు అతను బెరడును కత్తి మొనతో గీరి చూశాడు. లోపల పచ్చదనం లేదు. ఇంకో చోట గీరాడు. అక్కడా లేదు. కత్తి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఆ రోజు నాతో పోట్లాడలేదు.

చెట్టు పోయిందని చెప్పడానికి సారు గదికి వెళితే పెద్దమేడం కూడా అక్కడే ఉంది. అక్క టీ తెచ్చి ఇస్తోంది. నా మాట విని ఆవిడ, "అయ్యో, పోయిందా? వచ్చే ఏడాదికి ఇంకోటి పెట్టించండి" అంది. అంతలోనే కళ్ళు నా చేతి మీద పడ్డాయి. అరచేతి ఎరుపు ఎప్పుడో పోయింది గానీ గోళ్ళది పోదు కదా, గోరు పెరిగితేనే పోతుంది. "మీకు ఇంకా అలాగే ఉందే! అందరికంటే మీకే బాగా పండిందండీ."

"ఇది నేను పెట్టుకున్నది కాదు" అన్నాను. "ఈవిడకు పెట్టబోయాను. వద్దంది."

"ఈమెకా?" పెద్దమేడం నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఈమెకు ఎలా పెడతారండీ?"

ట్రే పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళిన అక్క వెనక్కి తిరిగింది. ఆ గదిలో ఆమె నోరు విప్పడం నేనెప్పుడూ వినలేదు.

"నేను పెట్టుమని ఎన్నడన్న అడిగిన్నా అమ్మా?" అంది. "నూరుకుంటుంటి. గంతే."

వెళ్ళిపోయింది. తలుపు వేసిన చప్పుడు కూడా రాలేదు.

"ఏం నూరడం? ఏమంటోందండీ ఆమె?" అని పెద్దమేడం నన్ను అడిగింది.

నేను చెప్పలేదు. చెప్పి ఆమె ఎరుపును కూడా వీళ్ళ నోళ్ళలో పడెయ్యడం నాకిష్టం లేకపోయింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి వచ్చేశాను.